తోక కనిపించేదాకా

సంచి జిప్పు మూయబోతూ లోపల ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుంటే, పక్క అరలో గడ్డం గీసుకునే సామాను తగిలింది. రేజరు, బ్రష్షు, సగం అయిపోయిన క్రీము ట్యూబు. వాటినెప్పుడు పెట్టిందో ఆమెకు గుర్తు లేదు. పన్నెండేళ్ళుగా ఏటా ఇదే నెలలో ఇదే సంచి సర్దిన చేతులవి. బట్టలు మడత పెట్టకుండా చుట్టలు చుట్టడం, వానకోటు అన్నిటికన్నా పైన ఉంచడం, మందులు ఎడమవైపు, టార్చి కుడివైపు, తడిసినా ఫరవాలేనివి అడుగున. ఈసారి ర్యాలీకి వెళుతున్నది మొగుడు కాదు, తానేనని బుర్రకు తెలుసు గానీ చేతులకు ఎవరూ చెప్పినట్టు లేదు. నవ్వు రావాల్సిన సంగతే. రాలేదు. తన చేతులే నమ్మని ప్రయాణం, రేపు తెల్లారి అయిదున్నరకు.

"ఏమే, పదిహేనో జాగ్రత్త రాసుకున్నావా?" గదిలోంచి మొగుడి గొంతు.

"రాశానండీ."

"చదువు."

"ఒంటరిగా ఎక్కడా ఆగకూడదు."

"దాని కింద రెండు గీతలు గియ్యి. మిగతా పద్నాలుగు మర్చిపోయినా అది మర్చిపోకు. రోడ్డు మీద ఒక్కదానివి నిలబడ్డావంటే ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

ఆమె రెండు గీతలు గీసింది. ఇన్నాళ్ళూ ఆయన చేతిలో ఏమేం ఉండేవో అడగాలనిపించింది గానీ, నడుము పూస జారి నెలన్నరగా చెక్క మంచం మీద వెల్లకిలా పడి ఉన్న మనిషిని ఏమడుగుతుంది. విద్యుత్తు ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. ఏడాదంతా ఊరి మీటర్లు చూడటం, ఏడాదికోసారి తన మీటరు చూసుకోవడానికి కొండల అవతల జరిగే మోటారు సైకిళ్ళ ర్యాలీకి పోవడం. పోను రెండు రోజులు, అక్కడ రెండు రోజులు, రాను రెండు రోజులు. ఈ ఏడు డాక్టరు, "ఆరు నెలల్లోపు బండెక్కితే ఆ తర్వాత చక్రాల కుర్చీయే ఎక్కాలి" అన్నాడు.

మూడు వారాల కిందట ఆయన్ని చూడటానికి స్నేహితుడు వచ్చాడు. వాళ్ళ జట్టుకు ముందుండి నడిపే మనిషి, అందుకని అందరూ కెప్టెన్ అంటారు. ఈసారి జట్టులో ఒక బండి తగ్గిపోయిందే అని కాసేపు బాధపడి, ఆమె తెచ్చిన టీ అందుకుంటూ, "పోనీ నువ్వు రా వదినా. బండి వీధులన్నీ తిప్పేస్తున్నావట, అందరూ చూస్తున్నారు" అన్నాడు. మంచం మీద ఆయన నవ్వాడు, కుర్చీలో అత్తగారు నవ్వింది, కెప్టెనూ నవ్వాడు. "వస్తాను" అంది ఆమె. కరెంటు పోయాక ఫ్యాను ఆగినట్టు, నవ్వులు మెల్లమెల్లగా ఆగిపోయాయి.

అసలు బండి ఆమె చేతికొచ్చింది ఇంటిపని కింద. రెండేళ్ళ కిందట ఆయనకు ఎనిమిది నెలలు వేరే ఊళ్ళో డ్యూటీ పడితే, "వారానికోసారి స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచు, లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది" అని, గ్యాసు బుక్ చెయ్యడం, ట్యాంకు కడిగించడం పక్కన దీన్నీ చేర్చి వెళ్ళాడు. నిలబెట్టి ఉంచితే సరిగ్గా నిండదక్కా, కొంచెం తిప్పాలి అన్నాడు బండి బాగుచేసే మేస్త్రీ. ముందు ప్రహరీ లోపల తిప్పింది. తర్వాత వీధి చివరిదాకా, తర్వాత పాలకేంద్రం దాకా, తర్వాత పక్క ఊరి వంతెన దాకా. అత్తగారు ఎక్కడికని అడిగితే "బ్యాటరీకి" అనేది. ఆ చుట్టుపక్కల అంత నిండుగా ఉన్న బ్యాటరీ ఇంకెవరి బండికీ ఉండి ఉండదు.

బండి గురించి ఆమెకు తెలియనిదేమీ లేదు, ఒక రకంగా. పందొమ్మిదేళ్ళుగా మోటారు సైకిళ్ళ విడిభాగాల కొట్టులో కౌంటరు దగ్గర పని. ఏ బండికి ఏ బ్రేకు షూ, ఏ చెయిను ఎన్ని లింకులు, నిద్రలో లేపి అడిగినా నంబరుతో సహా చెబుతుంది. మెకానిక్కులు తిన్నగా ఆమె దగ్గరికే వస్తారు. కొత్తవాళ్ళు మాత్రం కౌంటరు మీదుగా లోపలికి తొంగిచూసి, "మగవాళ్ళెవరూ లేరామ్మా?" అంటారు. అప్పుడు షాపాయన లేచి వస్తాడు. వాళ్ళ మాట వింటాడు. వెనక్కి తిరిగి గొంతు తగ్గించి, "దానికి ఏ నంబరమ్మా?" అని ఆమెనడుగుతాడు. మళ్ళీ ముందుకు తిరిగి అదే నంబరు గట్టిగా చెబుతాడు. వచ్చినవాళ్ళు తృప్తిగా తల ఊపుతారు. ఆరు రోజులు సెలవు కావాలంటే, "ర్యాలీకా? మీ ఆయన నడుము బాగుపడిందా?" అన్నాడు. నేనే వెళుతున్నానంటే చాలాసేపు ఆమె వంక చూసి, "ఇన్సూరెన్సు కట్టి ఉందా?" అన్నాడు.

ఆ మూడు వారాల్లో ఆమెకు సలహా చెప్పని మనిషి లేడు. ఎదురింటి రిటైరైన గుమాస్తా, సైకిలు కూడా తొక్కనివాడు, లారీని ఎటువైపు నుంచి దాటాలో గేటు పట్టుకుని అరగంట చెప్పాడు. అత్తగారు, "వెళ్ళు, నేనెందుకు వద్దంటాను. పడితే మాత్రం మొహం మీద పడకు. వచ్చేపోయేవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి" అంది. వెళ్ళేలోపు వారానికి సరిపడా వండి డబ్బాల్లో పెట్టి, ఏ డబ్బా ఏ రోజో మూత మీద రాసి పెట్టమని కూడా అంది. మేస్త్రీ ఒక్కడే రెండు ముక్కల్లో తేల్చాడు. "అక్కా, వెళ్ళే ముందురోజు బండికి ఏమీ చేయించకు. ఎలా అలవాటైందో అలాగే తీసుకుపో. రెండోది, వెనక్కి తిప్పేటప్పుడు ముందు చక్రం వంక చూడకు. తల తిప్పి, ఎటు పోవాలో అటు చూడు."

ఆ రెండోది ఆమె ఎవరికీ చెప్పని భయం. తిన్నగా పొమ్మంటే ఎంత దూరమైనా పోగలదు. సన్నటి రోడ్డు మీద ఆ నూట తొంభై కిలోల బండిని వెనక్కి తిప్పాలంటే మాత్రం ధైర్యం చాలదు. వంతెన దాకా వెళ్ళిన ప్రతిసారీ దిగి, ఎవరూ చూడకుండా నెట్టుకుంటూ తిప్పుకునేది. పడితే తగిలే దెబ్బకు కాదు ఆ భయం. దెబ్బలు ఆమెకు కొత్త కాదు, కాలిన చేతులతోనే రోజుకు రెండుసార్లు పొయ్యి దగ్గర నిలబడుతుంది. పడిందంటే, రక్తం కారేలోపే నలుగురు నాలుగు వైపుల నుంచి "చెప్పామా" అంటారు. ఆ మాట అప్పుడే వాళ్ళ నాలుకల మీద సిద్ధంగా ఉంది, ఎదురింటి గుమాస్తా మొహంలో కనిపిస్తోంది కూడా. ఒక్కసారి పడితే చాలు. ఇక ఈ జన్మకు పాలకేంద్రం దాటనివ్వరు, బ్యాటరీ పేరు చెప్పినా సరే.

తెల్లారి బండి తీస్తే క్లచ్చు తేడాగా ఉంది. ఎప్పుడూ లీవరు సగం వదిలాక కదిలే బండి, మొత్తం వదిలేదాకా కదలక ఒక్కసారిగా ముందుకు దూకింది. కిటికీలోంచి మొగుడు చెప్పాడు: "నిన్న నువ్వు కొట్లో ఉండగా మా ఆఫీసు పక్కనుండే మెకానిక్కును పిలిపించానే. క్లచ్చు బిగువు చేయించాను, నాకు అలాగే ఉండేది. నీ మంచికే." ఆమె గేటు తీసింది. పెట్రోలు బంకు దగ్గర పది బండ్లు వరుసగా ఆగి చూస్తుండగా, పదకొండోది మూడుసార్లు ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

వరుస చివర పసుపు కోటు వేసుకున్న పెద్దావిడ బండి దిగి వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. జట్టులో ఎప్పుడూ ఆఖరి బండి ఆమెదే, అందుకని తోకమ్మ అంటారు. అలా అంటే ఆవిడే ముందు నవ్వుతుంది.

"నీళ్ళు తాగావా?" అంది.

"దారిలో ఇబ్బంది కదా అని..."

"అదే వద్దనేది. దారిలో ఎక్కడ వెళతాంలే అని నీళ్ళు మానేసే ఆడవాళ్ళే మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడతారు. తాగు. వస్తే ఆగుదాం, పొదలు లేని దేశమా." సీసా అందించింది. "ఇంకొకటి విను. మలుపు వచ్చిన చోటల్లా కెప్టెన్ తన వెనక ఉన్న బండికి ఎడమ చెయ్యి చూపిస్తాడు. ఆ బండి ఆ మూల దగ్గర ఆగిపోవాలి. వెనక వచ్చేవాళ్ళందరికీ దారి చూపించి, నేను కనిపించాక, అప్పుడు కదలాలి. తోక కనిపించేదాకా మూల వదలకూడదు. మాకున్న చట్టం అదొక్కటే."

"ఆలస్యమైతే?"

"అయితే అవుతుంది."

మొదట ఆగిన చోట అందరూ టీలు తాగుతుంటే ఆమె లీవరు పక్కనుండే చిన్న గుండ్రటి నట్టు పట్టుకుని చూసింది. రోజుకు పది అమ్ముతుంది అలాంటివి. రోడ్డు మీద తన చేత్తో తిప్పినది ఒక్కటీ లేదు. పావు చుట్టు వదులు చేసింది. ఇంకో పావు. క్లచ్చు మళ్ళీ తన క్లచ్చయింది. ఆ తర్వాత యాభై మైళ్ళు రోడ్డు మీద చూపు పెట్టి, వెనకా ముందూ తెలిసిన బండ్ల చప్పుడు వింటూ పోతుంటే, భయం పక్కకు తప్పుకోలేదు గానీ వెనక సీటు మీదికి జరిగి కూర్చుంది.

మధ్యాహ్నం మూడు దాటాక ఒక చీలిక దగ్గర కెప్టెన్ ఎడమ చెయ్యి ఆమె వైపు చాచాడు.

ఎడమకు వెడల్పాటి రోడ్డు తిన్నగా రాళ్ళ క్వారీకి పోతుంది. వాళ్ళు పోవాల్సింది కుడికి, కొండల్లోకెక్కే సన్నటి దారి. ఆమె ఆగి, కుడి చెయ్యి చాపి నిలబడింది. ఒక్కొక్కరూ దాటుతూ తల ఊపారు. ఏడు లెక్కపెట్టింది. ఇంకా రెండు రావాలి: తోకమ్మ, ఆవిడ ముందుండే కళ్ళజోడు పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయేమో ఆ పిల్లకు, చిన్న బండి, తన లాగే మొదటిసారి. పొద్దుట నుంచి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ధైర్యంగా ఉన్నట్టు నటిస్తున్నారు.

అయిదు నిమిషాలు. పది. చుట్టూ మూసి ఉన్న టైర్ల కొట్టు ఒకటి, ఆగిన లారీ ఒకటి. లారీ కింది నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఎవరో ఏదో బిగిస్తున్నాడు కాబోలు. ఆ కాళ్ళను చూసినా భయమేసింది ఆమెకు. పదిహేను నిమిషాలు. మోపెడ్డు మీద ఇద్దరు మనుషులు దాటి వెళ్ళారు. కొంత దూరం పోయి నెమ్మదించారు. వెనక్కి తిరిగి వచ్చి, రాయి విసిరితే తగిలేంత దూరంలో ఆగి, ఇంజను కట్టేసి చూస్తూ కూర్చున్నారు. ఏమీ అనలేదు. అంటే ఏం అనాలో ఆలోచిస్తున్నట్టున్నారు. హెల్మెట్టు తీయాలో ఉంచుకోవాలో ఆమెకు తోచలేదు. లోపల తన ఊపిరి తనకే ఎవరో పక్కన నిలబడి పీలుస్తున్నట్టు వినిపిస్తోంది.

ఫోను మోగింది.

"ఎక్కడున్నావు?"

"మూల దగ్గరండీ. ఇంకా ఇద్దరు రావాలి."

"ఒక్కదానివా?"

ఆమె మోపెడ్డు వంక చూసింది.

"పదిహేనోది ఏం రాయించాను నేను? ఎంతసేపైంది?"

"ఇరవై అయిదు నిమిషాలు."

"వాళ్ళు వేరే దారిన పోయుంటారు. నువ్వు కదులు. కెప్టెన్‌కి నేను చెప్పుకుంటాను. ఇప్పుడే. బండి స్టార్టయిన చప్పుడు నాకు వినపడాలి."

ఆమె బటను నొక్కింది. ఇంజను మోగింది. అటువైపు ఆయన రెండు క్షణాలు విని, "ఊఁ, పో" అన్నాడు.

పోయింది. మొదటి రెండు మైళ్ళు ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి సిగ్గేసేంత హాయి. గాలి తగిలింది, మోపెడ్డు వెనకపడింది, కాళ్ళు మాయమయ్యాయి. తప్పు చేశానన్న దిగులు కూడా లేదు, చెప్పినట్టే కదా చేసింది. దారి కొండ చుట్టూ తిరుగుతూ ఎక్కుతోంది. ఆమె అద్దంలోకి చూసింది. ఖాళీ రోడ్డు. మళ్ళీ చూసింది. అద్దంలో ఏమీ లేకపోవడాన్ని అంతసేపు చూడటం అంతకు ముందెప్పుడూ జరగలేదు.

పెళ్ళయిన నెలకు బస్టాండులో ఆయన, "ఈ స్తంభం దగ్గరే ఉండు, ఇప్పుడే వస్తా" అని రెండు పెట్టెలతో నిలబెట్టి వెళ్ళి, స్నేహితులు కలిస్తే మాటల్లో పడి మూడు గంటల తర్వాత వచ్చాడు. ఆమె అక్కడే ఉంది. మంచినీళ్ళకు కూడా కదల్లేదు. అది ఆయనకు ఇష్టమైన కథ. ఇంటికెవరొచ్చినా చెబుతాడు. "స్తంభం పక్కన ఇంకో స్తంభం. కదలదే" అని. అందరూ నవ్వుతారు, ఆమె టీ కప్పులు తీస్తూ తనూ నవ్వుతుంది. ఆ రోజు ఒక్కో బస్సు దిగిన ఒక్కో మొహంలో ఆయన కోసం వెతకడం, అడిగినవాళ్ళకు వస్తున్నాడని చెప్పడం, చీకటి పడుతుంటే పెట్టెల తాళ్ళు చేతులకు చుట్టుకోవడం ఆ కథలో ఉండవు. ఆ రోజు నిలబడమంటే నిలబడింది. ఈ రోజు కదలమంటే కదిలింది. ఇరవై ఒక్క ఏళ్ళలో జరిగిన మార్పు అంతే.

మరి ఆ పిల్ల? మూల దగ్గర ఎవరో ఉంటారని నమ్మి వస్తుంది. ఎవరూ లేకపోతే వెడల్పాటి రోడ్డే పట్టుకుంటుంది, ఎవరైనా అంతే. పదిహేను సలహాల్లో ఒక్కటన్నా వెనక వచ్చే మనిషి గురించి లేదు. ఎదురింటి గుమాస్తా చెప్పలేదు, అత్తగారు చెప్పలేదు. ఇన్నాళ్ళూ తన వెనక ఎవరైనా ఉంటారని వాళ్ళకే కాదు, తనకూ తోచలేదు.

రోడ్డు సన్నగా ఉంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు నడుం ఎత్తు గోడ, అవతల లోయ. దిగి నెట్టి తిప్పుదామంటే వాలు. బండి జారితే ఆపలేదు. ఎక్కి కూర్చునే తిప్పాలి. చక్రం వంక చూడకు. గోడ వంక చూడకు. ఆమె మెడ బలవంతాన వెనక్కి తిప్పి, తాను వచ్చిన దారినే, కిందికి దిగిపోతున్న ఆ నల్లటి మలుపునే చూస్తూ క్లచ్చు వదిలింది. బండి ఒరిగింది. పడిపోతున్నాననుకుంది. "చెప్పామా" అన్న మాట చెవుల్లో మోగింది కూడా. బండి తిరిగింది.

చీలిక దగ్గర మోపెడ్డు లేదు. లారీ కింది కాళ్ళు ఇప్పుడు బయటికొచ్చి, గ్రీజు చేతులు తుడుచుకుంటున్న యాభై ఏళ్ళ డ్రైవరయ్యాయి.

"అన్నా, ఇటు ఎవరైనా బండి మీద వచ్చారా?"

"ఒకమ్మాయి వచ్చిందమ్మా, కళ్ళజోడు. ఇక్కడ ఆగి అటూ ఇటూ చూసింది. నేను పిలిచేలోపే అటు పోయింది." క్వారీ రోడ్డు చూపించాడు. "పది నిమిషాలైంది. అటు పోకూడదమ్మా, ఈ వేళప్పుడు టిప్పర్లు మనిషిని చూడవు."

వెళ్ళాలి. వెళితే తోకమ్మ వచ్చేసరికి మూల మళ్ళీ ఖాళీ. ఇంతసేపూ ఆ కాళ్ళను చూసి బెదిరిన మనిషి ఇప్పుడు వాటి యజమాని దగ్గరికి రెండడుగులు వేసింది. "పసుపు కోటు వేసుకున్న పెద్దావిడ వస్తుందన్నా. వచ్చేదాకా ఇక్కడ నిలబడి క్వారీ వైపు చెయ్యి చూపిస్తారా? కదలకూడదు."

"నేనా?"

"మీరే."

"సరే పో, నిలబడతా" అన్నాడు, గుడ్డ భుజాన వేసుకుంటూ.

క్వారీ రోడ్డంతా తెల్లటి దుమ్ము. ఎదురుగా వచ్చిన టిప్పరు దాటితే కాసేపు దారే కనిపించదు. మూడో మైలు దగ్గర, మలుపు తిరగ్గానే, చిన్న బండి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. కింద ఆ పిల్ల కాలు. పిల్ల ఏడవడం లేదు, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటోంది. తాను తిరిగొచ్చిన మలుపు అవతల హారను వినిపించింది.

ఆమె తన బండిని ఆ పిల్లకు పాతిక గజాల ఇవతల, మలుపు వైపు, రోడ్డు మధ్యలో నిలబెట్టి, లైట్లన్నీ వేసి, పరిగెత్తుకు వచ్చింది. చిన్న బండికి వీపు ఆనించి, సీటు అంచు పట్టుకుని, నడుముతో కాదు, కాళ్ళతో లేచింది. నీళ్ళ బిందెలు, గ్యాసు బండలు, బియ్యం బస్తాలు ఎత్తిన కాళ్ళు లేచాయి. కాలు బయటికి వచ్చింది. టిప్పరు బ్రేకులు కీచుమన్నాయి. ఆమె బండికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, "చావడానికి నా బండే దొరికిందా?" అని అరిచి, పక్కనుంచి తప్పించుకుని పోయాడు.

"తోకమ్మగారి టైరు పంక్చరైంది," అంది పిల్ల, కాలు పట్టుకుని. "నువ్వు పో, మూల దగ్గర మనిషి ఉంటుంది, ఆమెతో నిలబడు అన్నారు. అక్కడ ఎవరూ లేరాంటీ."

"నేనే ఉండాల్సింది."

పిల్ల ఆమె వంక చూసింది. ఏమీ అనలేదు. ఇంకా చిన్నదేమో, అనడం రాలేదు.

కాసేపటికి తోకమ్మ వచ్చింది. గ్రీజు చేతి మనిషి ఒకడు రోడ్డు మధ్యలో చెయ్యి చాపి బొమ్మలా నిలబడి ఉన్నాడట, నవ్వొచ్చిందట. పిల్ల పాదం తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో నొక్కి చూసింది. "విరగలేదు. బెణికింది." తల ఎత్తకుండానే అడిగింది, "మూల ఎందుకు వదిలావు?"

మోపెడ్డు ఉంది, ఫోను ఉంది, రెండు గీతలు గీసిన పదిహేనోది ఉంది. అన్నీ నిజాలే, అన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"భయమేసింది. వెళ్ళిపోయాను."

"ఊఁ," అంది తోకమ్మ. తిట్టలేదు, ఓదార్చలేదు. "ఆ కట్టు చివర గట్టిగా పట్టుకో."

కట్టు పూర్తయ్యేసరికి, లారీ డ్రైవరు చూపిన దారిన కెప్టెన్ వెనక్కి వచ్చాడు, మొహం నిండా కంగారుతో. పిల్ల లేచి కుంటుతూ నాలుగడుగులు వేయడం చూశాక ఊపిరి పీల్చుకుని, ఈమె వైపు తిరిగాడు. "వదినా, వాడు నాకు ఫోన్ చేశాడు. తప్పంతా నాదే, నేనే కదలమన్నాను, దాన్నేమీ అనకండి అన్నాడు. నువ్వేం మనసులో పెట్టుకోకు. ఇక నుంచి వరుస మధ్యలో ఉండు. మూలల పని నీకొద్దు."

ఎంత మంచి మాట. పొద్దుటి నుంచి వణుకుతున్న ఒళ్ళు ఆ మాట మీద వాలిపోవాలనుకుంది. వాలిపోతే ఆరు రోజులూ మధ్యలో, ముందు ఒకరి వీపు, వెనక ఒకరి దీపం. ఇల్లు ఆయన పేరు మీద ఉంది, బండి ఆయన పేరు మీద ఉంది, గ్యాసు కనెక్షను ఆయన పేరు మీదే ఉంది. ఈ తప్పు కూడా ఆయన పేరు మీదే రాయించుకుంటున్నాడు, మంచం మీద నుంచి, ఒక్క ఫోనుతో. ఒక ఆడపిల్ల కాలు బండి కింద పడటానికి కారణమైన తప్పు అది. తేలికైంది కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చేతుల మీదుగా జరిగిన పెద్ద పని అదొక్కటే, అది తనదైతేనే దాన్ని దిద్దుకునే వీలూ తనదవుతుంది.

"ఆయన కదలమన్న మాట నిజమే అన్నయ్యగారూ," అంది. "వెళ్ళింది నేను. తప్పు నాది."

కెప్టెన్ తోకమ్మ వంక చూశాడు. తోకమ్మ మందుల డబ్బా మూత పెట్టుకుంటోంది.

"తర్వాతి మలుపు ఎంత దూరం?"

"పద్దెనిమిది మైళ్ళుంటుంది. ఎందుకు?"

"అక్కడ నన్ను నిలబెట్టండి."

"వదినా, అక్కడికి చేరేసరికి మసక పడుతుంది. ఇల్లు కాదు, వాకిలి కాదు, ఒక్కదానివి."

"తెలుసు. భయంగానే ఉంది." నిజంగానే ఉంది. చేతులు చేతి తొడుగుల్లో దూరడం లేదు, ఒకదాన్ని తోకమ్మ పట్టుకుని తొడగాల్సి వచ్చింది. బండిని తీసుకుపోయి కెప్టెన్ బండి వెనక, రెండో స్థానంలో నిలబెట్టింది. తిప్పడానికి రెండుసార్లు కాలు దించాల్సి వచ్చింది, ముగ్గురూ చూస్తుండగానే.

కెప్టెన్ హెల్మెట్టు పెట్టుకోబోయి ఆగాడు. "వాడు మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఏం చెప్పమంటావు?"

"ఏమీ చెప్పకండి. నాకే చెయ్యమనండి," అంది ఆమె. "మూల దగ్గర నిలబడే ఉంటాను కదా, అక్కణ్ణుంచే మాట్లాడతాను."